ఎడమ పట్టా మనిషి

ఇటు జరగండి. ఇంకాస్త జరగండి, నిప్పు మీ ఒక్కరిదీ కాదు. ఆ గుమ్మంలో నిలబడ్డ పెద్దమనిషీ, లోపలికైనా రండి, బయటికైనా పొండి, చలిగాలి వస్తోంది. గ్లాసులు కింద పెట్టండి. దగ్గేవాళ్ళు ఇప్పుడే దగ్గేసుకోండి, మధ్యలో దగ్గితే నేను మళ్ళీ మొదటికొస్తాను. నేను చెప్పబోయేది మన ఆష్‌బెక్‌కి ట్యాంకు వచ్చిన సంగతి. అవును, అదే, పార్కులో మీ పిల్లలు ఎక్కి జారి లాగులు చింపుకుంటున్నారే, అదే. మేమంతా చూశాం, కొత్తగా నువ్వు చెప్పేదేముంది అంటారు. మీరు చూళ్ళేదు. ఆ రోజు దాన్ని సరిగ్గా చూసినవాడు ఈ ఊళ్ళో ఒక్కడూ లేడు. లోపలున్నవాడు అసలే చూళ్ళేదు.

యుద్ధం ఆగి ఏడు నెలలైంది. ఊరంతా కలిసి సర్కారుకి యుద్ధపు అప్పు ఇచ్చినందుకు మెచ్చి, నిజం ట్యాంకునొకదాన్ని బహుమానంగా పంపుతున్నాం, బుధవారం పొద్దున దింపించుకోండి అని ఉత్తరం వచ్చింది. ఇంకేముంది, మేయరు గ్రిబుల్ గారి మీసం రెండంగుళాలు పెరిగింది. ఆ మీసం సంగతి మీకు తెలుసు కదా, వానొస్తే దాని కింద ఇద్దరు నిలబడొచ్చు. ఆయన సోమవారం సాయంత్రం నల్ల బాతు సారాయి కొట్లో కమిటీ పెట్టాడు. పెన్సిలు చెవిలోంచి తీసి, నాలికతో తడిపి, వేదిక మీద ఎవరెవరు కూర్చోవాలి, ట్యాంకు పక్కన ఎవరు నిలబడాలి అని రాస్తున్నాడు. ట్యాంకు పక్కన నిలబడే చోటు ఒక్కటే. ట్యాంకుల్లో పనిచేసినవాడికే అది.

ఆ చోటు తనదేనని పెర్సీ నాబ్ అప్పటికే చొక్కాకి గంజి పెట్టించుకున్నాడు. పెర్సీ యుద్ధమంతా ఫ్రాన్సు రేవులో దుప్పట్లు లెక్కపెట్టాడని కొందరనేవాళ్ళు. కానీ వాడు నోరు తెరిస్తే దుప్పట్లు ట్యాంకులైపోయేవి.

"మా ట్యాంకు కాలవ మీదికి ఎగిరిందండీ," అంటున్నాడు పెర్సీ. "ఎగిరి, అవతల వంటశాల మీద దిగింది. జర్మను వంటవాడు గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. తలుపు తీసి, ఉప్పు తక్కువైందిరా అన్నాను."

కొట్టంతా పొర్లి పొర్లి నవ్వింది. గ్రిబుల్ గారు మీసం తుడుచుకుని, మూల బల్ల దగ్గర ఒక్కడే కూచున్న ఎనోక్ డాకిన్స్ వైపు తిరిగాడు.

ఎనోక్ పిండిమరలో బస్తాల మూతులు కుట్టేవాడు. వాడికో అలవాటుండేది. ఎవరు మాట్లాడినా మొహం చూడడు, చేతులు చూస్తాడు. అందుకని వాడితో మాట్లాడేవాళ్ళు చేతులు జేబుల్లో పెట్టుకునేవాళ్ళు, తర్వాత్తర్వాత మాట్లాడ్డమే మానుకున్నారు.

"ఏమోయ్ ఎనోకూ, నువ్వు కూడా ట్యాంకుల్లో ఉన్నావటగా?" అన్నాడు మేయరు గట్టిగా, వాడికి చెవి కాస్త దూరం కనక.

"ఉన్నానండీ. రెండేళ్ళకి రెండు వారాలు తక్కువ."

"అయితే లేచి చెప్పు. ఏం చూశావు?"

ఎనోక్ లేచి నిలబడ్డాడు. ఆలోచించాడు. వాడి గ్లాసులో నురగంతా దిగిపోయింది, ఇంకా ఆలోచిస్తూనే ఉన్నాడు. అబద్ధం చెప్పడం రానివాడికి నిజం వెతుక్కోడానికి టైం పడుతుంది మరి.

"చెయ్యి చూశానండీ," అన్నాడు చివరికి.

"ఎవరి చెయ్యి?"

"డ్రైవరుదండీ. ఎడం చెయ్యి."

"జర్మన్లని చూళ్ళేదా?"

"కనబళ్ళేదండీ. నా దగ్గర కంత లేదు. నేను వెనకాల, ఇంజను పక్కన. ట్యాంకుకి చక్రాల బదులు రెండు పక్కలా తిరిగే ఇనప పట్టాలుంటాయి. అందులో ఎడమ పట్టా గేరు నాది. లోపల ఎవడి మాట ఎవడికీ వినపడదు. డ్రైవరు స్పానరుతో ఇంజను మూత మీద కొడతాడు, కొట్టి చెయ్యెత్తుతాడు. పిడికిలైతే గేరు తప్పించాలి. ఒక వేలైతే ఒకటో గేరు. రెండు వేళ్ళైతే రెండు. కళ్ళు పక్కకి తిప్పామా, బండి ఎక్కడికో పోతుంది. అందుకని చెయ్యే చూశానండీ."

"పోనీ కందకాలు?"

"అరికాళ్ళకి తెలిసేవండీ."

 పెర్సీ బల్ల చరిచి, "మా ట్యాంకుకి కిటికీలుండేవి బాబూ, కర్టెన్లు కూడా," అన్నాడు. నవ్వు కప్పుకి తగిలింది. కసాయి కొట్టు టాబిట్, "చెయ్యి చూడ్డమే పనైతే, సంతలో జోస్యం చెప్పే ముసల్దాని పక్కన కూచోబెట్టండి వీణ్ణి," అన్నాడు. అంతే, మళ్ళీ నవ్వులు.

గ్రిబుల్ గారు పెన్సిలు తడిపి, ఒక పేరు మీద అడ్డగీత గీశాడు.

"అయ్యా, నన్ను మాట్లాడమనకండి," అన్నాడు ఎనోక్. "ఊరికే పక్కన నిలబడతాను."

"నిలబడ్డానికి దీపస్తంభాలున్నాయి ఎనోకూ," అన్నాడు మేయరు. "జనానికి చెప్పడానికి ఏదో ఒకటుండాలి కదా."

ఎనోక్ కూచున్నాడు. బీరు తాగలేదు, వదల్లేదు. ఊళ్ళో నాలుగువేల మంది ఉన్నారు. ఆ ఇనప పెట్టెలో ఊపిరెలా తీసుకుంటారో తెలిసినవాడు వాడొక్కడే. ఏడు నెలల నించి ఆ సంగతి వాడు ఎవరితోనూ అనలేకపోతున్నాడు. అడిగినవాళ్ళకి వంటవాళ్ళూ గరిటెలూ కావాలి. ఒక్కసారి ఆ బండి పక్కన నిలబడితే, వీడూ అక్కడివాడేనని ఊరు ఒప్పుకుంటుందనుకున్నాడు. వాడు ఆశపడ్డదల్లా అంతే.

ఇంటికెళితే, వాడుండే గది యజమానురాలు టాప్లిస్ గారు చల్లారిన బంగాళాదుంపలూ పంది మాంసం ముక్కా ముందు పెట్టి, "ఏమైంది, మొహం అలా ఉంది?" అంది.

"ఏం లేదు."

"ఎవరిదో చెయ్యి చూశానన్నావట. వీధంతా చెప్పుకుంటున్నారు. ఎవరి చెయ్యి?"

"లూకస్ అని. మా డ్రైవరు."

"ఇప్పుడెక్కడున్నాడు?"

ఎనోక్ బంగాళాదుంపని నాలుగు ముక్కలు చేశాడు. నాలుగుని ఎనిమిది చేశాడు. ఆవిడ కాసేపు చూసి, ఉప్పు గిన్నె వాడి వైపు జరిపి లోపలికెళ్ళిపోయింది.

మంగళవారం మధ్యాహ్నం ట్యాంకు రైలు మీద వచ్చింది. గూడ్సు యార్డులో దాన్ని చూసి స్టేషను మాస్టరు గుర్రం మూడు రోజులు గడ్డి ముట్టలేదు. ఇరవై ఎనిమిది టన్నుల ఇనుము, చుట్టూ తిరిగే పట్టాలు, ఒళ్ళంతా బోల్టులు. దాని పక్కన నలుగురుండాల్సిన చోట ముగ్గురే ఉన్నారు. సన్నగా పొడుగ్గా కెప్టెను, కుడి గేరు చూసే నోరులేని మనిషొకడు, డ్రైవరు కార్పొరల్ హ్యాడ్లీ. నాలుగోవాడు దారిలో జ్వరంతో పడిపోయి, వెనకటి స్టేషనులో ఆసుపత్రి పాలయ్యాడు.

అప్పుడే పెర్సీని వెంటబెట్టుకుని మేయరు దిగాడు. "కార్పొరల్ గారూ, ఇదిగో మా ఊరి ట్యాంకు వీరుడు!"

హ్యాడ్లీ పొట్టివాడు, మెడ లేదు, మాట అంతకన్నా లేదు. "మంచిదైంది," అన్నాడు. "నాకు ఎడమ గేరుకి మనిషి లేడు. రేపు చూస్తావా?"

"చూడ్డమేమిటండీ," అన్నాడు పెర్సీ, "ముద్దుపెట్టుకుంటాను."

హ్యాడ్లీ వాడికి వీపు తిప్పి, చేతిలో స్పానరుతో గూడ్సు పెట్టె మీద టంగు టంగు టంగుమని మూడు దెబ్బలు కొట్టి, ఎడమ పిడికిలి గాల్లోకి ఎత్తాడు.

పెర్సీ ఆ పిడికిలి చూశాడు. పిడికిలి పైన ఆకాశం చూశాడు. అక్కడేం లేదు. ఇదేదో చనిపోయినవాళ్ళకి చేసే మర్యాదేమో అనుకుని టోపీ తీసి గుండెకి ఆనించుకున్నాడు. అది చూసి మేయరూ టోపీ తీశాడు. స్టేషను మాస్టరూ తీశాడు. కూలీలు తీశారు. టోపీ లేని కూలీ ఒకడు పక్కవాడి టోపీ తీశాడు.

యార్డు అవతలి కొసన పిండిమర బండి నిలబడి ఉంది. ఎనోక్ భుజాన బస్తా పెట్టుకుని దాని మీద వేయబోతున్నాడు. స్పానరు చప్పుడు వాడి చెవిలో పడిందో, కాళ్ళలోంచి పైకెక్కిందో తెలీదు. తల గిరుక్కున తిరిగింది. పిడికిలి కనబడింది. అంతే, వాడి కుడిచెయ్యి బస్తాని వదిలేసి, నడుం దగ్గర లేని కడ్డీనొకదాన్ని పట్టుకుని వెనక్కి లాగింది. బస్తా కింద పడి పగిలింది. ఆ తెల్లటి దుమ్ములో, మోచెయ్యి వెనక్కి పెట్టుకుని, పిడికిలి మీద చూపు తియ్యకుండా ఎనోక్ అలాగే నిలబడిపోయాడు.

హ్యాడ్లీ ఇటు తిరిగాడు. చూశాడు. పిడికిలి దించి ఒక వేలెత్తాడు. ఎనోక్ చెయ్యి ముందుకి జరిగింది.

టోపీల వాళ్ళెవరూ ఇదేం గమనించలేదు. ఈలోగా పెర్సీకి నడుం నొప్పి గుర్తొచ్చింది, పాత దెబ్బట. "పైగా వేదిక దగ్గర ఇతను లేకపోతే ఎలా?" అన్నాడు మేయరు. "అలాగే సార్, మా తిప్పలు మేం పడతాం," అన్నాడు కార్పొరల్.

వాళ్ళు వెళ్ళాక హ్యాడ్లీ రైలు పట్టాలు దాటుకుంటూ వచ్చి, పిండి మడుగులో నిలబడ్డాడు.

"ఎడమా?"

"ఎడమ."

"మానేసి ఎన్నాళ్ళైంది?"

"ఏడు నెలలు."

"చేతులకి గుర్తుందా?"

"చూశారుగా. బస్తా పారేశాయి. ఇప్పుడు మరలో తిడతారు."

హ్యాడ్లీ మొహంలో నవ్వులాంటిదొకటి వచ్చి తిరిగి వెళ్ళిపోయింది. "బయటివాణ్ణి లోపల కూచోబెట్టకూడదు, రూలు. జ్వరమొచ్చినవాడి ఓవరాలుంది, తోలు టోపీ ఉంది. రేపు పొద్దున ఏడింటికి రా. ఎవరికీ చెప్పకు. ఎవరైనా అడిగితే మావాడివి."

"కెప్టెను గారో?"

"ఆయన కళ్ళజోడు తుడుచుకుంటుంటాడు."

బుధవారం మరకి సెలవు. ఎనోక్ ఆరింటికే లేచి, రోజూ సాసర్లో పోసుకుని తాగే టీని ఒక్క గుక్కలో తాగేసి వెళ్ళిపోయాడు. టాప్లిస్ గారు చూళ్ళేదు, ఆవిడ మేడ మీద కొత్త టోపీకి ఈకలు కుడుతోంది.

ఏడింటికి కెప్టెను నిజంగానే కళ్ళజోడు తుడుచుకుంటున్నాడు. ఎనోక్ ఓవరాల్ తొడుక్కుని పక్క తలుపులోంచి నడుం వంచి దూరాడు. లోపల మధ్యలో ఇంజను, ఒక చిన్న గుడిసె అంత ఉంటుంది. దాని చుట్టూ మనుషులు నక్కడానికి మిగిలిన సందు. నూనె, పెట్రోలు, కాలిన రంగు, పాత చెమట, అన్నీ కలిసిన ఆ వాసన ముక్కుకి తగలగానే వాడు వంగినవాడు వంగినట్టే ఆగిపోయాడు. భయం అనుకున్నాడు. కాదు. రెండు నిమిషాలు పోయాక తెలిసింది, ఏడు నెలల్లో మొదటిసారి వాడి భుజాలు కిందికి దిగాయి.

నలుగురూ కలిసి పెద్ద తిప్పుడు కడ్డీ పట్టుకుని, ఒకటి, రెండు, మూడు అని ఇంజను తిప్పారు. నాలుగోసారికి అంటుకుంది. అంతటితో ప్రపంచంలో మాటలన్నీ అయిపోయాయి. కెప్టెను ముందు బ్రేకుల దగ్గర, హ్యాడ్లీ ఆయన పక్కన, వెనకాల కుడిన నోరులేని మనిషి, ఎడమన ఎనోక్. టంగుమంది. ఒక వేలు లేచింది. ఎనోక్ కడ్డీ తోశాడు. గేరు పళ్ళు కలిశాయి. బండి కదిలింది.

బయట ఏం జరిగిందో మీకే బాగా తెలుసు. స్టేషను వీధిలో రాళ్ళు అప్పడాల్లా విరిగాయి. పూల తోరణం ట్యాంకు నెత్తికి చుట్టుకుని పెళ్ళికూతురిలా వచ్చింది. బాండు వాళ్ళు రెండు పాటలు ఒకేసారి వాయించారు. టాబిట్ కొట్టులో వేలాడే మాంసం ముక్కలన్నీ ఒకే తాళానికి ఊగాయి. ఎనోక్‌కి వీటిలో ఒక్కటీ తెలీదు. వాడి కళ్ళ ముందు చిన్న బల్బు వెలుతురు, పొగ, అందులో ఒక చెయ్యి. లూకస్ చెయ్యి పొడుగ్గా ఉండేది, చూపుడు వేలికి గోరు లేదు. ఈ చెయ్యి పొట్టిది, మణికట్టు మీద వెంట్రుకలు. అయినా పిడికిలి పిడికిలే.

సంత మూల దగ్గర టంగుటంగుమంది. మీ అందరికీ గుర్తుంది ఆ మూల. రోడ్డు ఎడమకి తిరిగేచోట, ఒక గజం కూడా ఖాళీ లేకుండా మేయరు వేదిక కట్టించాడు, తన బట్టల కొట్టు ఫొటోలో పడాలని. పిడికిలి లేచింది. ఎనోక్ గేరు తప్పించాడు. కెప్టెను ఎడమ బ్రేకు తొక్కాడు. ఎడమ పట్టా ఆగింది, కుడి పట్టా తిరుగుతోంది, ఇరవై ఎనిమిది టన్నులూ ఎడమకి తిరగడం మొదలెట్టాయి. తిరిగాక ఒక వేలు లేచింది. ఎనోక్ కడ్డీ తోశాడు.

పళ్ళు కలవలేదు. గరగరమని ఇనుము అరిచి, కడ్డీ వెనక్కి తన్నింది.

బండి ఇంకా ఎడమకే తిరుగుతోంది. హ్యాడ్లీ వేలు అలాగే గాల్లో ఉంది. వాడు వెనక్కి తిరిగి చూళ్ళేదు. ఆ పనిలో వెనక్కి తిరగడం అనేది లేదు, వెనకున్నవాడు చేస్తాడని నమ్మి ముందుకి చూడటమే. ఎనోక్ రెండోసారి తోశాడు. మళ్ళీ తన్నింది. అరిచేతి చర్మం లేచింది. అప్పుడు వాడు తొయ్యడం మానేశాడు. కడ్డీని ఊరికే వేళ్ళతో పట్టుకుని, అరికాళ్ళు నేలకి అదిమాడు. ఇంజను కొట్టుకునే తీరు బూట్లలోంచి పైకొచ్చింది. ఒకటి, రెండు, ఒకటి, రెండు. మూడో దెబ్బకి పన్ను ఎదురుగా వస్తుందని మడమకి తెలిసింది. మెల్లిగా, బస్తాలో సూది దించినట్టు కడ్డీని లోపలికి పంపాడు. టక్కుమంది.

ట్యాంకు ముక్కు వేదిక కర్రకి నాలుగు వేళ్ళ దూరంలో ఆగి, అక్కణ్ణించి తిన్నగా పార్కు వైపు నడిచింది. వేదిక మీద పెర్సీ నాబ్ జెండాతో సహా పెద్ద బూర వాయించేవాడి ఒళ్ళో ఉన్నాడు. వాళ్ళు అతన్ని బూరలోంచి తియ్యడానికి సబ్బు వాడారని నేనంటే మీరు నమ్మరు.

పార్కులో రాతి గద్దె మీదికి ఎక్కి, ఇంజను ఆగింది. చెవుల్లో ఈలలా మోగే నిశ్శబ్దం. కుడి మనిషి తలుపు తీసి సగం బయటికి పోయాడు. హ్యాడ్లీ మాత్రం ముందుకే చూస్తూ, ఎడం చెయ్యి భుజం మీదుగా వెనక్కి చాపాడు. పిడికిలి కాదు. ఒక వేలు కాదు. రెండూ కాదు. ఐదు వేళ్ళూ విచ్చుకుని, అరచెయ్యి పైకి ఉంది.

ఎనోక్ గబుక్కున కడ్డీ పట్టుకున్నాడు. అది ఏ గేరో వాడికి అందలేదు. కొత్త గుర్తేమో, తను మానేశాక పెట్టారేమో అని కంగారుపడ్డాడు. చెయ్యి అలాగే ఉంది, వెయిట్ చేస్తోంది.

కెప్టెను కళ్ళజోడు తీసి, "చెయ్యివ్వవయ్యా," అన్నాడు మెల్లిగా. "పాపం, భుజం నొప్పెడుతుంది."

ఎనోక్ అరిచెయ్యి తొడకి తుడుచుకున్నాడు. నూనె పోలేదు, నెత్తురు కాస్త ఉంది. ఆ చేతిలో పెట్టాడు. వేళ్ళు మూసుకున్నాయి. ఎంతసేపని నన్నడగకండి, కెప్టెను ఇంకోసారి కళ్ళజోడు తుడుచుకునేంతసేపు.

తర్వాత ఇద్దరూ వెనక పలకలు విప్పి, చక్రానికీ పట్టాకీ మధ్య నడిచే గొలుసుల్లోంచి మేకులు కొట్టి తీశారు. మళ్ళీ ఎవరూ నడపకుండా ఇలా చెయ్యాలని ఆజ్ఞ. కుడివైపుది హ్యాడ్లీ తీశాడు. ఎడమది ఎనోక్ తీశాడు, మూడు దెబ్బలకి. గొలుసు జారి కింద పడింది.

"శుక్రవారం ఇంకో ఊరు, ఇంకో బండి," అన్నాడు హ్యాడ్లీ. "ఆ తర్వాత ఇంకో పదకొండు. మావాడి జ్వరం తగ్గినా ఇక రాడట. రైలు రెండింటికి."  ఎనోక్ సుత్తి దాని పెట్టెలో పెట్టి మూత వేశాడు.

బయటికి రాగానే నలుగురినీ వరసలో నిలబెట్టారు. ఎనోక్ చిట్టచివర. మొహమంతా మసి, కళ్ళ చుట్టూ మాత్రం తెల్లగా. మేయరు మెట్టు మెట్టుకీ మీసం సవరించుకుంటూ వచ్చాడు. వెనకే పెర్సీ. పెర్సీ ఎనోక్‌ని చూశాడు. మళ్ళీ చూశాడు. వాడి మొహంలో రక్తం గంజి చొక్కాలోకి దిగిపోయింది. వాడొక్కడే గుర్తుపట్టాడు. నోరు కొంచెం తెరిచి, వద్దన్నట్టు తల అటూ ఇటూ ఊపాడు, ఎవరికీ కనబడనంతగా.

గ్రిబుల్ గారు ఎనోక్ చెయ్యి రెండు చేతులతోనూ పట్టుకున్నాడు. "మీలాంటివాళ్ళు మా ఊళ్ళో ఒక్కరైనా ఉంటే ఎంత బాగుండేది! ఏ ఊరండీ తమరిది?"

ఒక్క మాట చాలు. పిండిమర వీధి, సార్, మీ కొట్టు వెనక. జనమంతా అక్కడే ఉన్నారు. ఎనోక్ మేయరు మొహంలోకి చూశాడు, చేతుల్లోకి కాదు. పెర్సీ మొహంలోకి చూశాడు. మొన్న సాయంత్రం బల్ల చుట్టూ నవ్వినవాళ్ళని ఒక్కొక్కరినీ చూశాడు. అందరూ వాడికేసే చూస్తున్నారు. ఒక్కడూ చూడటం లేదు.

"చాలా దూరమండీ," అన్నాడు. "రెండింటి బండికి మా వాళ్ళతో వెళ్ళిపోవాలి."

హ్యాడ్లీ వరసలోంచే దగ్గాడు. పెర్సీ ఊపిరి వదిలిన చప్పుడు బూరకన్నా గట్టిగా వినబడింది. మేయరు జేబురుమాలుతో కళ్ళొత్తుకుని జనం వైపు తిరిగి, "వినయం చూశారా! వినయం!" అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు.

తాడుకి ఇవతల మొదటి వరసలో, కొత్త టోపీ ఈకలు పక్కావిడ కళ్ళలో గుచ్చుకుంటుంటే, టాప్లిస్ గారు మునివేళ్ళ మీద నిలబడి ఆ చివరి మనిషిని ఎగాదిగా చూసింది.

"ఆ చివరాయన అచ్చం మా ఎనోక్ లాగే ఉన్నాడమ్మా," అంది. "కాకపోతే ఈయన్ని చూస్తుంటే, యుద్ధానికి వెళ్ళొచ్చినవాడిలా ఉన్నాడు."